లల్లి చూసిన ఎనిమిదో స్టేజీ

మొన్న ముసురులో, ఏలూరులో మా ఇంట్లో ఫోను ఛార్జరు వేడెక్కి, కాలీకాలని ప్లాస్టిక్కు వాసన కొట్టింది. మా అబ్బాయి పరుగున వచ్చి ప్లగ్గు లాగేశాడు. నేను కుర్చీలోంచి కదలలేకపోయాను. అది కైకలూరులో మా ముందుగది వాసన, గంటసేపు ఆడాక టీవీ గేమ్ అడాప్టరు కక్కే వాసన, దాని పక్కనే బాసింపట్టు వేసుక్కూర్చునే మా చెల్లి లల్లి వాసన కూడాను. లల్లి పదో ఏట పోయింది. పోయేముందు అది చెప్పిన ఒక మాట నిజమో అబద్ధమో తేల్చుకోవడానికి రెండేళ్ళపాటు పాత గేముల వెంటపడి తిరిగాను. నవ్వేవాళ్ళు నవ్వండి.

మా నాన్నగారిది చేపల మేత కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. పడుకున్నా లేచినా తవుడు వాసనే. వానాకాలం కొల్లేరు పొంగి చెరువు గట్లు నానిపోయి, ఐసు లారీలు కార్చిన చేపల నీళ్ళతో బజారంతా కాలు జారుతూ ఉంటే, మేము బస్తాల గుట్టలెక్కి అచ్చనగాయలు ఆడుకునేవాళ్ళం. అమ్మ వేడి పునుగుల పళ్ళెం కిందనుంచే అందించేది, నాన్నగారు లారీ డ్రైవర్లతో బేరం మాట్లాడుతూనే అందులోంచి ఒకటి తీసి నోట్లో వేసుకునేవారు. తాడేపల్లిగూడెం మిల్లుకి తవుడు కోసం వెళ్ళి ఒకసారి ఆయన బూడిదరంగు పెట్టె, రెండు రిమోట్లు, ఒక పసుపుపచ్చ క్యాసెట్టు పట్టుకొచ్చారు. క్యాసెట్టు మీద చైనా అక్షరాలు, చదివేదెవరు? రాయి మీంచి రాయి మీదకి గెంతే కప్ప ఉంది కాబట్టి మాకది కప్ప గేమ్. ఏడు స్టేజీలు. ఏడోది దాటితే కప్ప మళ్ళీ మొదటి రాయి మీదే కూర్చునేది.

ఆ ఏడు అట్లతద్దికి అమ్మ మమ్మల్ని చీకటుండగానే లేపి, గోంగూర పచ్చడీ గడ్డపెరుగూ వేసి అన్నం తినిపించింది. గోరింటాకు పండిన చేతులతో వీధిలో ఆడపిల్లలంతా ఉయ్యాలలకి పరిగెత్తాం. లల్లి రాలేదు. తెల్లారి నేను ఇంటికొచ్చేసరికి టీవీ ముందు గెంతులేస్తోంది.

"అక్కా, ఎనిమిదో స్టేజీ ఉందే. అంతా నీళ్ళే. బోల్డన్ని గూడబాతులు బారుగా నించున్నాయి. ఒట్టు."

ఏడోది అయిపోతుండగా రెండో రిమోటు బొత్తాం నొక్కి పట్టుకోవాలట. తను కాలి బొటనవేలితో నొక్కిందట. మళ్ళీ చేసి చూపించబోయింది, వేలు జారిపోయింది. మళ్ళీ చేసింది, మళ్ళీ జారింది. "ఒక్కసారి నువ్వు పట్టుకోవే అక్కా," అని బతిమాలింది. నాకు ఒళ్ళు మండింది. కిందటి వారమే నాన్నగారు ఆటపాక పక్షుల కేంద్రానికి తీసుకెళ్ళి గూడబాతుల్ని చూపించారు. అక్కడ చూసిన పక్షుల్ని తెచ్చి గేమ్‌లో పెట్టేసిందనుకున్నాను. రిమోటు ముట్టుకోలేదు. పైగా వంటింట్లోకెళ్ళి అమ్మకి చెప్పి నవ్వాను. సాయంత్రానికి కొట్టుకి వచ్చినవాళ్ళు కూడా "ఏమ్మా, నీ గూడబాతులు గుడ్లు పెట్టాయా?" అని అడగడం మొదలెట్టారు. లల్లి తల దించుకుని లోపలికి వెళ్ళిపోయింది.

దీపావళి ఇంకా నాలుగు రోజులుందనగా లల్లి తలనొప్పి అంది. ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది, అంతే. అమ్మ నా వైపు చూసింది.

"బడి ఎగ్గొట్టి గేమ్ ఆడుకోడానికమ్మా," అన్నాను. "గూడబాతుల్లాగే ఇదీను."

పదమూడేళ్ళదాన్ని, ఏం తెలుసని నాకు నేను ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నా, ఆ మాట అన్నది నేనే. అమ్మ జడవేసి పంపించింది. మర్నాడూ పంపించింది. మూడోనాడు పొద్దున జడ వేయించుకుంటూనే లల్లి అమ్మ ఒళ్ళోకి ఒరిగిపోయింది, కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. మేత వ్యానులోనే ఏలూరు తీసుకొచ్చారు. మెదడువాపు అన్నారు. "రెండు రోజులు ముందు తీసుకురావాల్సిందండీ," అన్నాడు డాక్టరు, నాన్నగారితో, నేను వింటూ ఉండగా. దీపావళినాడు ఊరంతా మతాబులు వెలుగుతుంటే మా ఇంట్లో దీపం పెట్టలేదు. నాన్నగారు గేమ్ పెట్టెనీ క్యాసెట్టునీ మేత గోనెలో మూటగట్టి ఎక్కడ పడేశారో, తాను పోయేదాకా ఎవరికీ చెప్పలేదు.

అమ్మ నన్నొక్క మాట అనలేదు. నేను ఏడ్చినప్పుడల్లా తల నిమిరి, "నీ తప్పేం లేదే, దానికి అబద్ధాలు అలవాటు, ఎవరు మాత్రం నమ్ముతారు?" అనేది. ముప్ఫయ్యేళ్ళు ఆ మాట పట్టుకునే బతికాం, ఇద్దరం.

రెండేళ్ళ కిందట మా అబ్బాయి, నెలకింతని చందా కడితే పాత గేములన్నీ టీవీలోకి వస్తాయని చూపించాడు. కప్ప గేమ్ కూడా అందులో ఉంది. వారంరోజులు కూర్చుని ఏడు స్టేజీలూ దాటాను. రెండో రిమోటు బొత్తాం అబ్బాయి నొక్కి పట్టుకున్నాడు. కప్ప మొదటి రాయి మీదకే వచ్చింది. పాత గేములు నింపి అమ్మే బుల్లి పెట్టె ఒకటి కొన్నాను, అందులోనూ అంతే. నిజం చెప్పొద్దూ, గుండె కాస్త తేలికపడింది. అది అబద్ధమే అయితే అమ్మ మాట నిలబడుతుంది కదా. సిగ్గుచేటు, కానీ అలాగే అనిపించింది.

"మీది దొంగ క్యాసెట్టు కదమ్మా, వేరేగా ఉండొచ్చు," అన్నాడు అబ్బాయి. నిజమే, కంపెనీలు చందాకిచ్చేది వాళ్ళు చేసిన అసలు గేమ్‌ని. మాకు బజార్లో దొరికింది, ఎవరో రంగులు మార్చి, స్టేజీలు అతికించి అమ్మినది. అలాంటి క్యాసెట్లని కూడా విప్పి, లోపలున్నదంతా కంప్యూటర్లోకి ఎక్కించి దాచే పిచ్చివాళ్ళు దేశదేశాల్లో ఉన్నారట. చట్టం ఒప్పుకుంటుందో లేదో నాకు తెలీదు. దాన్ని ఆడటానికి, పాత పెట్టెలా పనిచేసే ప్రోగ్రాము కావాలి, ఎమ్యులేటర్ అంటారు. పసుపుపచ్చ క్యాసెట్ల ఫొటోలు వందలు చూశాను. పోయిన నెల ఒక ఫొటోలో ఆ చైనా అక్షరాలు గుర్తుపట్టి, ఆ గేమ్‌ని లాప్‌టాప్‌లోకి దింపుకున్నాను.

ఎమ్యులేటర్లో కప్ప చచ్చిపోతే ఒక మీట నొక్కి కాలాన్ని వెనక్కి తిప్పుకోవచ్చు. ఆ మీట ముట్టుకోబుద్ధి కాలేదు. ఏడో స్టేజీ అయిపోతుండగా, రెండో రిమోటుకి బదులు కీబోర్డు మీదున్న అక్షరాన్ని ఎడమచేతి వేలితో నొక్కిపట్టాను. అంతే, అంత తేలిక. తెర నల్లబడి, మళ్ళీ వెలిగింది. అంతా నీళ్ళు. తెల్లటి పక్షులు, సంచిముక్కులతో, బారుగా.

నాన్నగారు పోయాక అమ్మ మా దగ్గరే ఉంటోంది, వరండాలో గోరుచిక్కుళ్ళు తుంపుతోంది. చెప్పకుండా ఉందామనుకున్నాను. కానీ ఇన్నేళ్ళూ అబద్ధాలకోరన్న పేరు మోసింది లల్లి, నేను కాదు. లాప్‌టాప్ తెచ్చి అమ్మ ఒళ్ళో పెట్టాను. కళ్ళజోడు తుడుచుకుని చాలాసేపు చూసింది.

"గూడబాతులే," అంది.

"అవునమ్మా."

"అయితే దానికి అబద్ధాలు అలవాటు లేదన్నమాట."

కైకలూరులో మా కొట్టు పడగొట్టి సెల్‌ఫోన్ల షాపు కట్టారు. ఉయ్యాలలు కట్టే వీధిలో ఇప్పుడు లారీలు నిలుపుతున్నారు. లల్లి నిజమే చెప్పిందని చెప్పడానికి అప్పటి ఇల్లుగానీ, నవ్విన మనిషిగానీ మిగల్లేదు, మేమిద్దరమే.

"రోజూ ఏవేవో చెబుతూ ఉండేది కదే అది," అంది అమ్మ. "ఏం చెప్పేదే? అన్నీ చెప్పు."

ఆలోచించాను. కొట్టు వెనక ఉడుత తన చేతిలో తవుడు తిన్నదని లల్లి ఒకసారి చెప్పింది. ఐసులో ఉన్న చేప తనవైపు తోక ఆడించిందని చెప్పింది. అమ్మకి ఆ రెండే చెప్పగలిగాను. వాగుడుకాయ, రోజుకి పది చెప్పేది. అబద్ధాలే కదా అని నేనేవీ సరిగ్గా వినలేదు.

అప్పట్నుంచి రోజూ పొద్దున అమ్మ కాఫీ గ్లాసు పట్టుకొచ్చి నా పక్కన కూర్చుంటోంది. "ఇంకేమైనా గుర్తొచ్చిందా?" అని అడుగుతుంది. లేదమ్మా అంటాను.