నేను ఏరి తెచ్చిన బేబీ బెల్టు

ఆ బెల్టు కొన్న రోజు డైరీలో దాని బట్ట గురించి అర పేజీ రాశాను. బిడ్డ గురించి ఒక్క ముక్క లేదు. ఆ పేజీ తిప్పాలంటే ఇప్పటికీ రోత పుడుతుంది.

మా కోడలు ఇంట్లో చీరలకు రాళ్లు అంటిస్తుంది. మేముండే వడోద్ నుంచి చీరల సేటు దుకాణం దాకా రెండు చేతుల్లో రెండు మూటలతో నడిచి వెళ్లి ఇచ్చి వస్తుంది. తొమ్మిది నెలల మనవరాలు తల్లిని వదలదు. చంకన ఎత్తుకుంటే రెండో మూట పట్టడానికి చెయ్యి ఉండదు, పైగా నడుము నొప్పి. ఒంటికి కట్టుకునే బేబీ బెల్టు కావాలంది. నేను చూసి తెస్తానన్నాను. ముప్పై ఏళ్లు మిల్లులో బట్ట తనిఖీ చేసినవాణ్ణని నా ధీమా.

పిల్లల సామాన్ల దుకాణదారు మావా వక్కపొగాకు నములుతూ, దానితో ఎర్రబడిన వేళ్లతోనే క్లిప్పులు నొక్కి చూపించాడు. ఒకదాని మీద ఎవరి బిడ్డో కక్కిన పాల మరక. పుల్లటి కంపు. కొత్తదేనన్నాడు. దాన్ని పక్కకు తోశాను. ఒక్కో గుడ్డను వెలుతురుకు పట్టి చూశాను, నలిపాను, అంచున పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చాను. కాగితం కాలిన వాసన వచ్చింది ఒక్కదానికే. అసలైన నూలు.

"కాకా, సాడీ లేనే ఆయే హో క్యా? బచ్చీ కో బిఠాకే తో దేఖో!" అని వెక్కిరించాడతను. చీర కొనడానికి వచ్చావా, బిడ్డను తెచ్చి కూర్చోబెట్టి చూడు అని. ఆ మురికి నోటి మాట కదా అని పట్టించుకోలేదు, ఆ నూలుదే కొన్నాను. ఆ దుకాణంలో పనికొచ్చిన మాట అదొక్కటే.

పదకొండో రోజున బిడ్డకు స్నానం చేయిస్తూ మా ఆవిడ కేక పెట్టింది.

"గిదేందే, తొడల మీద గీ ఎర్ర వాతలు?"

"బెల్టు సన్నగుందత్తమ్మా. కాళ్లు కిందికి ఏలాడుతున్నయ్," అంది కోడలు.

"మరి గిన్ని దినాలు చెప్పవేంది?"

"మామ పోగు కాల్చి సూసి మరీ ఏరి తెచ్చిన్రు. ఏమని చెప్పాలె?"

మా ఆవిడ నా వైపు తిరిగింది. "మస్తు ఏరిన్రు పోండ్రి! గది చీర గాదు, మనుమరాలు."

బిడ్డను అందులో కూర్చోబెట్టి మొదటిసారి సరిగ్గా చూశాను. తొడల మధ్య నాలుగు వేళ్ల పట్టీ. ఒంటి బరువంతా దాని మీదే. కొక్కేనికి తగిలించిన కోడిలా కాళ్లు వేలాడుతున్నాయి. మోసేవాళ్ల నడుముకు పట్టీయే లేదు, కోడలి భుజాలూ కమిలిపోయి ఉంటాయి. నా మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు కోడలిని బిడ్డను చంకనెత్తుకోమని, ఒక మోకాలి వెనక నుంచి రెండో మోకాలి వెనక దాకా దారంతో కొలిచాను. ఆ దారంతో, కోడలితో, బిడ్డతో మళ్లీ అదే దుకాణానికి వెళ్లాను. అదే మావా, అదే నవ్వు. భరించాను. దారమంత వెడల్పు సీటు, బిడ్డ పెరిగేకొద్దీ ఇంకా వెడల్పు చేసుకునే వీలు, నడుముకు మందపాటి పట్టీ ఉన్నది ఒకటి దొరికింది. గుడ్డ నాసిరకం, కాలిస్తే ముద్దకట్టే పాలిస్టర్. రంగు మరీ ఘోరం. అందులో బిడ్డ కప్పపిల్లలా మోకాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంది. కోడలు రెండు చేతులూ ఊపుకుంటూ గుమ్మం దాకా నడిచి వచ్చింది.

"బరువు నడుం మీదికొచ్చింది మామా. మంచిగుంది."

పాతదాన్ని పక్కింటివాళ్లకు ఇద్దామంది మా ఆవిడ. ఇంకో బిడ్డ తొడలకా? కుట్లు విప్పి నేల తుడిచే గుడ్డ చేశాను. ఎన్నిసార్లు ఉతికినా రంగు దిగలేదు. అంత మంచి బట్ట. చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది.