అమెరికా కారులో అరకు సంత

ఇప్పుడు నేను చెప్పబోయేది వింటే మీకు నా డ్రైవింగ్ మీద అనుమానం వస్తుంది. రానివ్వకండి. ఆ రోజు కారుకి చిన్న గీత కూడా పడలేదు. ఒక్క మలుపులోనూ బ్రేకు తప్పలేదు, ఎవరినీ గుద్దలేదు. అయినా నా జీవితంలో అంత పెద్ద యాక్సిడెంట్ మరొకటి లేదు. అది కూడా బండిని చర్చి ముందు చక్కగా పార్క్ చేసి, హ్యాండ్ బ్రేకు వేశాక జరిగింది.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. పాడేరులో సర్వీసు జీపు తోలేవాణ్ణి. మా జీపుల సంగతి తెలియనివాళ్ళకి ఒక్క ముక్క చెబుతాను. తొమ్మిది మంది పట్టే బండిలో పద్నాలుగు మంది ఎక్కితే, మా లెక్కలో అది ఖాళీ బండి. వెనక నిచ్చెన మీద నలుగురు, టాపు మీద ఆరుగురు చేరితే గానీ స్టాండు నుంచి కదలం. రోడ్డు పక్కన చెయ్యెత్తిన మనిషిని దాటి వెళ్ళిపోవడమంటే ఏజెన్సీలో హత్యకి ఒక మెట్టు కింద నేరం. తరువాతి బండి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు కదా!

మా చర్చి పెద్ద ప్రసాదరావు గారికి పాడేరు దగ్గర కాఫీ తోట ఉంది. ఆయన తండ్రి ఏనాడో కొన్న అమెరికా కారు ఒకటి తోట షెడ్డులో ముప్పై ఏళ్ళు పడి ఉండేది. యాభైల నాటి బండి. వెనక రెండు వైపులా చేప రెక్కల్లాంటి రేకులు, ముందు అద్దంలా మెరిసే బంపరు. మెరిసేదంటే మేము పుట్టకముందు మెరిసేదట. మాకు తెలిసినప్పటి నుంచీ అందులో కోళ్ళు గుడ్లు పెట్టేవి. అలాంటి దాన్ని విశాఖపట్నంలో ఒక ముసలి మెకానిక్ నాలుగేళ్ళు కూర్చుని బాగుచేశాడు. లేత నీలం, తెలుపు రంగులు, మీగడ రంగు సీట్లు, తెల్ల పట్టీ టైర్లు. అది పాడేరు వచ్చిన రోజున మా స్టాండులో జీపులన్నీ సిగ్గుపడ్డాయి.

ఇక నా స్వార్థం. అరకులో నర్సుగా పనిచేసే సువార్తను నేను పెళ్ళి చేసుకోవాలనుకున్నాను. ఆ అమ్మాయికీ ఇష్టమే. వాళ్ళ నాన్నది పాచిపెంట, రిటైరైన మాస్టారు. "సర్వీసు జీపోడికి పిల్లనివ్వను" అని కబురు పెట్టారు. ప్రసాదరావు గారు మధ్యవర్తిగా దిగి, "కుర్రాడు ఇక జీపు తోలడండీ, నా కారుకి డ్రైవరుగా పెట్టుకుంటున్నాను. మా పెళ్ళిరోజుకి అరకు రండి, మీ కళ్ళతో చూసుకోండి" అని ఒప్పించారు. మాస్టారు సరేనన్నారట. అప్పటికి నేనాయన్ని చూడలేదు, ఆయన నన్ను చూడలేదు. దయచేసి ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఆ పెళ్ళిరోజు మామూలుది కాదు, యాభయ్యోది. పెళ్ళయిన అరకు చర్చిలోనే కృతజ్ఞత ప్రార్థన చేయించుకుని, అయిపోయాక ఇద్దరూ ఆ కారెక్కి ఊరు చుట్టి రావాలని అమ్మగారి కోరిక. వాళ్ళు ముందు రోజే అరకు వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ అయ్యగారు నన్ను పిలిచారు.

"ఇమ్మానుయేలూ, పదిన్నరకల్లా చర్చి దగ్గరుండాలి."

"ఉంటానండి."

"ఎవర్నీ ఎక్కించకు."

"ఎక్కించనండి."

"నీ సంగతి నాకు తెలుసు. ఒక్కర్ని కూడా ఎక్కించకు."

"అయ్యగారూ, నా పెళ్ళి మీద ఒట్టండి!"

ఇలాంటి ఒట్లు పెట్టేటప్పుడు మనిషి కొంచెం వెనకాముందూ చూసుకోవాలి.

తెల్లారి కారు తీశాను. ఇక్కడే అసలు తిరకాసు ఉంది. అమెరికా కారుకి స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. మనం రోడ్డుకి ఎడమ పక్కన వెళ్తాం. బండి కోసం జనం నిలబడేదీ ఆ పక్కనే. జీపులో నేను కుడివైపు కూర్చుంటాను కాబట్టి జనం మొహాలు చూసేది, "సోటు నేదు" అని చెప్పేది, తిట్లు తినేది అంతా క్లీనరే. ఆరేళ్ళ సర్వీసులో నేను ఒక్క మనిషి మొహం చూసి కాదన్న పాపాన పోలేదు. ఇప్పుడేమో చెయ్యెత్తిన ప్రతివాడి మొహం నా మోచేతికి జానెడు దూరంలో ఉంది. పైగా అది అరకు సంత రోజు.

పాడేరు దాటగానే తగిలింది బుల్లెమ్మ పెద్దమ్మ. మా జీపుకి పాత గిరాకీ. నెత్తిన అల్లం మూట, చేతిలో కోడిపెట్ట ఉన్న బుట్ట. సరాసరి రోడ్డు మధ్యకి వచ్చేసింది. 

"ఏటిరా గుంటడా, ఆపకుండా ఎల్లిపోతన్నావు? పెద్ద బండెక్కేసరికి మడిసివి మారిపోనావేటి?"

"ఇది నాది కాదు పెద్దమ్మా. ఎవర్నీ ఎక్కించొద్దన్నారు."

"ఎవర్నీ అన్నారు గానీ, నన్ను ఎక్కించొద్దన్నారేటి?"

దీనికి మీరైతే ఏం చెబుతారు? అంతలో ఆవిడ ఎక్కి కూర్చుంది. సీటు మీద అరచెయ్యి రాసి, "ఓలమ్మా, ఎన్నపూసలాగుందిరా" అని ముచ్చటపడింది.

మొహమాటానికి పోతే కడుపొచ్చిందని సామెత. నాకు కారు నిండింది. హుకుంపేట చేరేలోగా జ్వరంతో ఉన్న బిడ్డని ఆసుపత్రికి తీసుకెళ్తున్న మొగుడూ పెళ్ళామూ ఎక్కారు. వాళ్ళని ఎక్కించకపోతే నేను మనిషినేనా? వాళ్ళని ఎక్కించానని చూసి పసుపు మూటలతో ముగ్గురు ఆడవాళ్ళు ఎక్కారు. తరువాత బస్సు తప్పిపోయిన ఇద్దరు టీచర్లు. ఆపైన పరీక్ష ఉందని ఏడుపు మొహాలతో ముగ్గురు కాలేజీ అమ్మాయిలు. చివరికి మేకపిల్లతో ఒక తాత. "మేకని ఎక్కించను" అని తెగేసి చెప్పాను. "అయితే డిక్కీలో ఎడతాను బావూ, తలుపు ముయ్యకు, దానికి బయ్యం" అన్నాడు. నేనే తాడు తెచ్చి డిక్కీ తలుపు సగం తెరిచి కట్టాను. మొత్తం పదమూడు మంది. అయితే బానెట్ మీద మాత్రం ఎవర్నీ కూర్చోనివ్వలేదు. ఎంతైనా ఖరీదైన బండి, ఆ మాత్రం క్రమశిక్షణ ఉండాలి.

ఇంతమందిని వేసుకుని డుంబ్రిగుడ దాటాను. అక్కడ రోడ్డు పక్కన తెల్ల చొక్కా, మడత గొడుగు, చంకలో బైబిల్‌తో ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నారు. కారుని చూడగానే ఎప్పటి నుంచో తెలిసినవాడిలా నవ్వి చెయ్యెత్తారు. ఆపాను. నా మోచేతికి జానెడు దూరంలో ఆయన మొహం.

"బాబూ, అరకు చర్చికేనా?"

"అవునండి."

"పాడేరులో చుట్టాల్ని చూసి వస్తున్నాను, ఎక్కొచ్చిన జీపు ఇక్కడితో ఆగిపోయింది. నేనూ అక్కడికే."

అప్పుడు నాకు చేతి గడియారం కనబడింది. పదీ పదిహేను. ఎప్పుడూ రాని బాధ్యత ఒక్కసారిగా ముంచుకొచ్చింది. సువార్త గుర్తొచ్చింది. వాళ్ళ నాన్న ఈపాటికి చర్చి గుమ్మంలో నిలబడి నా క్రమశిక్షణ చూడటానికి ఎదురుచూస్తూ ఉంటారనిపించింది. గొంతు సవరించుకున్నాను.

"ఇది సర్వీసు బండి కాదండి. ఓనరు గారి ఆర్డరు. ఇందులో ఎవర్నీ ఎక్కించమండి."

నా వెనక నుంచి, పక్క నుంచి, ఒకరి ఒళ్ళోంచి మరొకరు పదమూడు తలలు ఆయన్ని చూశాయి. డిక్కీలోంచి మేక అరిచింది. ఆయన ఒక్కొక్క తలనీ నిదానంగా చూశారు. బడిలో హాజరు తీసుకున్నట్టు చూశారు. అది చూసైనా నాకు అర్థం కావాలి. కాలేదు.

"మంచిది బాబూ" అన్నారు.

"నిజమే బావూ, ఇది పెళ్ళి కారు. ఎవల్నీ ఎక్కించని కండిసను బండి" అని బుల్లెమ్మ పెద్దమ్మ ఆయనకి నచ్చజెప్పింది కూడా.

చర్చి ఆవరణలోకి సరిగ్గా పదిన్నరకి తిప్పాను. అందరూ గుమ్మంలో ఉన్నారు. అయ్యగారు సూటులో, అమ్మగారు పట్టుచీరలో, పక్కన పాస్టరు గారు, వెనక సువార్త. ఫొటోగ్రాఫర్ కెమెరా ఎత్తాడు. ఎంత గొప్పగా వచ్చానంటే, వచ్చే తొందరలో జనాన్ని చర్చికి ముందు మలుపులోనే దింపేయాలనుకున్న సంగతే మరిచిపోయాను.

తలుపు తెరుచుకుంది. బుల్లెమ్మ పెద్దమ్మ దిగింది. తరువాత మొగుడూ పెళ్ళామూ బిడ్డా దిగారు. పసుపు మూటలు దిగాయి. దిగుతూనే ఉన్నారు. ఫొటోగ్రాఫర్ మొదట్లో తీశాడు గానీ తరువాత కెమెరా దించి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. జ్వరం బిడ్డని మాత్రం సువార్త వెంటనే ఎత్తుకుని ఒళ్ళు పట్టి చూసింది. చివరికి తాత డిక్కీ తాడు విప్పి మేకని దింపి, అయ్యగారికి దణ్ణం పెట్టాడు.

అమ్మగారు కారులోకి తొంగిచూసి, మీగడ రంగు సీటు మీద నుంచి ఒక గుడ్డు తీశారు.

"ఏమండీ, ఇంకా వెచ్చగా ఉందండీ" అని నవ్వడం మొదలుపెట్టారు. ఆవిడ నవ్వు ప్రార్థన మొదలయ్యాక కూడా ఆగలేదు. పాస్టరు గారు రెండుసార్లు దగ్గవలసి వచ్చింది.

అయ్యగారు మాత్రం తాళాల కోసం చెయ్యి చాపారు. ఇచ్చేశాను. ఉద్యోగం పోయిందని అర్థమైంది. అయినా మామగారున్నారు కదా, ఆయన ఇవేవీ చూడలేదు కదా అని ఒక మూల చిన్న ఆశ. ప్రార్థన అయ్యి భోజనాలకి లేచే వేళకి గేటు ముందు ఆటో ఆగింది. అందులోంచి తెల్ల చొక్కా, మడత గొడుగు, బైబిల్ దిగాయి. 

"నాన్నా, ఇంత ఆలీసమేటి?" అంటూ సువార్త ఎదురెళ్ళింది.

మేక పక్కన కూలబడ్డాను.

అయ్యగారు మర్యాద తప్పని మనిషి. నన్ను లేపి తీసుకెళ్ళి, "మాస్టారూ, మీరు చూస్తానన్న కుర్రాడు ఇతనేనండీ" అన్నారు.

"చూశానండి. డుంబ్రిగుడ దగ్గర చూశాను."

"మరి ఎక్కించుకురాలేదా?"

"మీరు ఎవర్నీ ఎక్కించొద్దన్నారటగా. చాలా గట్టిగా చెప్పాడండి."

పరీక్షకీ ఆసుపత్రికీ పోయినవాళ్ళు పోగా, పందిట్లో బంతిలో కూర్చున్న నా కారు జనమంతా విస్తళ్ళ మీద నుంచి తలలెత్తారు. బుల్లెమ్మ పెద్దమ్మ నన్ను ఆదుకుందామని లేచింది.

"మంచి గుంటడు బావూ! అడిగినోళ్ళందర్నీ ఎక్కించినాడు."

"నన్ను తప్ప" అన్నారు మాస్టారు. "చూశావా అమ్మా సువార్తా, ఇంతమందిని కాదనలేనివాడు నన్నొక్కణ్ణే కాదన్నాడు."

నేను తల వంచుకున్నాను. నిజంగా ఏడుపొచ్చింది. సువార్త ఒక క్షణం నన్ను చూసింది, తరువాత తండ్రిని చూసింది.

"పోనీ నాన్నా" అంది. "పదమూడు మందిని కాదననోడు రేపు నన్నేటి కాదంటాడు? కాపరం సేసేది నీతో కాదు కదా!"

మాస్టారు గొడుగు పందిరి రాటకి తగిలించారు. ఆ తరువాత భోజనానికి నా పక్కన కూర్చున్నారు. అంతే, మా సంబంధం ఖాయమైంది. కారు తాళాలు మాత్రం మళ్ళీ నా చేతికి రాలేదు. ఈ రోజుకీ పాడేరులో జీపే తోలుతున్నాను.

ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. బైబిల్ మీద ఒట్లు పెట్టకూడదని మా మామగారు చెబుతారు కాబట్టి జీపు స్టీరింగ్ మీద పెట్టాను. ఇక మీదట రోడ్డు పక్కన తెల్ల చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఎవరు చెయ్యెత్తినా, బండి ఎంత నిండినా సరే, ఆయన్ని ఎక్కిస్తాను. మరీ చోటు లేకపోతే నేనే దిగిపోతాను. బండి ఎవరు తోలాలన్నది ఎక్కినవాళ్ళు చూసుకుంటారు.