కంట్రోలరుకి పసుపు రాసిన రోజు

రాజోల్లో నీళ్ల మోటార్లకి వైండింగు చేసుకునేవాణ్ణి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మా మామగారికి రేవులో నడిపే డీజిలు పడవని బ్యాటరీ పడవ చెయ్యాలని సరదా పుట్టింది. సరదా ఆయనది, ఎక్కించింది మా తోడల్లుడు. దుబాయ్ నుంచి సెలవుకి వస్తూ మోటారునీ, దానికి కరెంటు అదుపు చేసి పంపే కంట్రోలరునీ పట్టుకొచ్చాడు. ఇంటిల్లిపాదీ ఆ పెట్టె చుట్టూ మూగి మురిసిపోతుంటే నాకు ఒళ్లు మండింది.

బిగించింది మాత్రం నేను. బొటనవేలంత లావు వైర్లు కోసి, చివర్లకి బోల్టు పట్టే రాగి లగ్గులు నొక్కాను. కంట్రోలరు వేడి పోవాలంటే దాని వీపున ఉన్న అల్యూమినియం రేకుల సందుల్లో గాలి ఆడాలి. అందుకని నీళ్లు చిందకుండా, గాలి తగిలేలా చోటు చూసి కూర్చునే బల్ల కింద బిగించాను. నడుం పడిపోయింది. మామగారు వచ్చి చూసినప్పుడల్లా ఒకటే మాట, "పెద్దల్లుడుగారు ఎంత మంచి సామాను తెచ్చేరండీ!" అని. నా పని బాగుందని ఆయన నోట ఒక్కసారి వింటే చాలనుకునేవాణ్ణి.

మొదటిరోజు కొబ్బరికాయ కొట్టి, జనాన్ని ఎక్కించుకుని బయల్దేరాం. కాలవ మధ్యలో పడవ ఆగిపోయింది.

"వైరింగులో ఏమైనా తేడా వచ్చిందాండీ, చిన్నల్లుడుగారూ?" అన్నారు మామగారు, అందరి ముందూ.

"ఆయ్, చూస్తానండీ" అన్నాను పళ్లు కొరుక్కుంటూ.

బల్ల కింద చెయ్యి పెడితే కంట్రోలరు చుర్రుమంది. రేకుల సందుల నిండా పసుపు ముద్ద. కొత్త సామానుకి పూజ చెయ్యాలని పొద్దున్నే మామగారే స్వయంగా మెత్తేరు. పైన ఒత్తుగా బంతిపూల దండొకటి. ఇంక గాలెక్కడ ఆడుతుంది?

దండ తీసి, కొబ్బరి ఈనెతో పసుపు గీకి, గుడ్డతో తుడిచాను. చల్లారగానే మోటారు తిరిగింది. ఇప్పుడైనా ఆ మాట అంటారనుకున్నాను.

మామగారు కంట్రోలరుకి దణ్ణం పెట్టి, "చూసేరా, కాలిపోకుండా దానంతటదే ఆగింది! పెద్దల్లుడుగారు తెచ్చేరంటే అలా ఉంటదండి మరి" అన్నారు.

"నాదేముందండీ మామయ్యగారూ! తమ్ముడు కాబట్టి తేడా ఎక్కడుందో పట్టుకున్నాడు. నాకైతే దాన్ని విప్పడం కూడా రాదు" అన్నాడు తోడల్లుడు, పడవంతా వినపడేలా.

వెధవ, మంచివాడు కూడాను. అంతకంటే కడుపుమంట ఇంకేం కావాలి? అయినా సిగ్గు విడిచి మామగారి మొహంలోకి చూశాను.

ఆయన మా తోడల్లుడి చెయ్యి పట్టుకుని, "ఎంత మంచి మనసండీ మీది!" అన్నారు.