వారం వారం సన్నబడిన పలక

పని లేకపోతే మా మామ ఏమైపోతాడో అని ఇంట్లో అందరికీ ఒకటే భయంగా ఉండేది. ఆయన వడ్రంగి. హవేలిఘనపూర్ రైతులకు నాగళ్ళు, మెదక్‌లో ఇళ్ళకు తలుపులు, దర్వాజాలు చేస్తూ చేయి ఖాళీ లేకుండా బతికినవాడు. ట్రాక్టర్లు వచ్చాయి, నాగళ్ళు పోయాయి. రెడీమేడ్ తలుపులు వచ్చాయి, ఆ పనీ పోయింది. కిరాయి కార్ఖానా ఖాళీ చేసి పనిముట్ల పెట్టె తెచ్చి మా వంటింటి పక్క వరండాలో పెట్టాడు.

పని లేని వడ్రంగి ఇంట్లో కూర్చుంటే ఏమవుతుందో మీకు తెలియదు. తలుపు కిర్రుమంటే చాలు, అడుగున చెక్కేసేవాడు. అలా చెక్కీ చెక్కీ, మా స్నానాలగది తలుపు కింద నుంచి పిల్లి తల వంచకుండా వచ్చిపోయేది. మంచం కదులుతోందని ఒక కాలు కోశాడు. అది పొట్టిదైందని మిగతా మూడూ కోశాడు. ఈసారి ఇంకోటి పొడుగైంది. నెల తిరిగేసరికి మా మంచం నేలకు జానెడు ఎత్తులో ఆగింది. పొద్దున్నే లేవాలంటే మా ఆయన ముందు బోర్లా తిరిగి, మోకాళ్ళ మీదికి వచ్చి, గోడ పట్టుకోవాల్సి వచ్చేది. అయినా తండ్రిని ఒక్క మాట అనడానికి ఆయనకు నోరు రాలేదు.

అప్పట్లో తెలంగాణ కోసం బందులు జోరుగా సాగుతుండేవి. బందు రోజు ఊరంతా పరేషాన్ అయితే మా మామ ముఖం వెలిగిపోయేది. ఉతికిన అంగీ వేసుకుని, మూసిన షాపుల ముందు నిలబడి అందరితో ముచ్చట పెట్టేవాడు. ఆ రోజు ఏం పని చేస్తున్నావని ఎవరూ అడగరు కదా. మర్నాడు షట్టర్లు లేచేసరికి మళ్ళీ వరండాలో ముడుచుకుని కూర్చునేవాడు. 

అందుకే చాపింగ్ బోర్డు కావాలని అడిగాను. కేబుల్ టీవీ కొత్తగా పెట్టించుకున్నాం. అందులో ఒకావిడ నిలబడి చెక్క పలక మీద టకటకా ఉల్లిగడ్డలు తరిగేది. మాకేమో కింద కూర్చుని కత్తిపీట మీద కోయడమే తెలుసు. మామను పిలిచి టీవీ ముందు కూర్చోబెట్టాను. ఆయన వంట చూడలేదు, ఆవిడనూ చూడలేదు, పలకనే చూశాడు. ఆ కట్టె మంచిది కాదని తేల్చి లేచిపోయాడు. నాకు కావలసింది అదే.

ఇక వారం రోజులు మా ఇంట్లో కట్టె గురించి తప్ప వేరే మాట లేదు. వేపదైతే కూర చేదెక్కుతుందని అత్తమ్మ వాదించింది. చివరికి మామ మటన్ దుకాణానికి వెళ్ళి, మాంసం కొట్టే మొద్దును ఒక పూటంతా నిలబడి చూసి వచ్చాడు. ఏమీ కొనకుండా అలా చూస్తుంటే ఎవరో తనిఖీకి వచ్చిన ఆఫీసరనుకుని, దుకాణం ఆయన ఆ పూట అందరికీ తలా ఒక ముక్క ఎక్కువ వేశాడట. అన్ని దెబ్బలు తిన్నా పగలనిది చింత కట్టే అని మామ నిర్ణయించాడు. ఎల్దుర్తి నుంచి ఎండిన చెక్క తెప్పించి, రెండు వేళ్ళ మందాన, గుండ్రటి అంచులతో పలక చేశాడు. పట్టుకోవడానికి పిడి పెట్టాడు. దాని మీద జామపండ్లు కోసి అలాగే చుట్టాల ముందు పెడితే, వాళ్ళు పండ్లు మానేసి పలకను తిప్పి చూసేవాళ్ళు. అప్పుడు మామ ఎటో చూస్తున్నట్టు నటించేవాడు.

పలకకు చేయాల్సిన సేవలు కూడా ఆయనే చెప్పాడు. నీళ్ళలో నానబెట్టకూడదు. ఉప్పు చల్లి నిమ్మచెక్కతో రుద్దాలి. ఎండలో కాదు, నీడలో నిలబెట్టి ఆరబెట్టాలి. ఇంతవరకు బాగానే ఉంది. నూనె దగ్గరే పరువు పోయింది. పల్లీ నూనె రాస్తే నాలుగు రోజులకు కంపు కొట్టింది. టీవీ ఆవిడేమో లిక్విడ్ పారాఫిన్ రాయమంది. అది మెడికల్ షాపులోనే దొరికేది, దాన్ని జనం కొనేది మాత్రం విరేచనం కావడానికి. మామ వారానికో సీసా తెస్తుంటే, మూడోసారి షాపాయన గొంతు తగ్గించి ఎన్ని రోజులైందని అడిగాడట. తాగడానికి కాదు, పూయడానికని మామ చెప్పాడు. షాపాయన ఇంకా భయపడి దవాఖానకు పొమ్మన్నాడు. సాయంత్రానికల్లా వాడకట్టు ఆడవాళ్ళు అరటిపండ్ల గెలతో మా ఇంటికి వచ్చారు. వద్దనలేక మామ అన్నీ తిన్నాడు. మర్నాడంతా ఆయన స్నానాలగదిలోనే ఉండడంతో పిల్లికి దారి దొరకలేదు.

ఇంతకీ వారానికో సీసా ఎందుకంటే, ఆదివారం ఆదివారం పలక మీద రందా పట్టి పైపొర నున్నగా చెక్కేవాడు. మొదటి ఆదివారం దాని మీద కత్తి గాట్లు చూసి, పిల్లకు దెబ్బ తగిలినట్టు ముఖం పెట్టాడు. పెట్టె తీసి, రందాతో సర్రుసర్రున చిత్రిక పట్టి, పలకను మళ్ళీ కొత్తదాన్ని చేసి, నూనె రుద్ది ఇచ్చాడు. సంతోషించాను. రెండో ఆదివారమూ అంతే. ఎనిమిదో ఆదివారానికి నాకు మండింది. రెండు వేళ్ళ పలక వేలున్నరకు వచ్చింది మరి! ఇట్లయితే ఏడాది తిరిగేసరికి అప్పడం మిగులుతుందని మా ఆయనతో గొడవపడ్డాను. తర్వాతి ఆదివారం పొద్దున్నే పలక తీసి బియ్యం డబ్బాలో దాచిపెట్టాను.

మామ వంటింట్లో వెతికాడు, గూట్లో వెతికాడు, నన్ను మాత్రం అడగలేదు. పోయి వరండాలో కూర్చుని రందాను ఒళ్ళో పెట్టుకుని తుడిచాడు. తుడిచిందే తుడిచాడు. అన్నానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు. నా మీద నాకే అసహ్యం వేసింది. డబ్బాలోంచి పలక తీసి చూస్తే, కత్తి గాట్లు అరకొరగా ఉన్నాయి. చాకు మొనతో నాలుగు గట్టి గీతలు గీకి ఆయన చేతిలో పెట్టి, మస్తు పాడైంది మామా, జర చూడుండ్రి అన్నాను. రందా సర్రుమంది. ఆ పూట రెండుసార్లు కూర వడ్డించుకున్నాడు.

ఇక ప్రతి శనివారం మధ్యాహ్నం ఆయన కునుకు తీసినప్పుడు నేను గుట్టుగా పలక గీకేదాన్ని. ఒకసారి గీకుదామని పోతే అప్పటికే అత్తమ్మ కొడవలి మొనతో దాన్ని పొడుస్తోంది. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఇంతలో మా ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకుని వచ్చాడు. నవ్వు ఆపుకోవడానికి ముగ్గురం నోట్లో కొంగులూ చేతిరుమాళ్ళూ కుక్కుకున్నాం. ఎవరికి వాళ్ళం మేమొక్కరమే చేస్తున్నామనుకున్నాం మరి. ఆ రోజు మాత్రం ముగ్గురం తలా కొంచెం గీకాం.

మర్నాడు మామ పలకను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. నన్ను పిలిచి ఒక్కొక్క గాటు మీద వేలు పెట్టాడు.

"ఇది మీ అత్తది, కొడవలితోటి పొడిచింది. ఇది నా కొడుకుది. స్క్రూడ్రైవర్ గూడ సక్కగ పట్టరాదు వానికి. ఈ నాలుగు గీతలు నీయి."

సిగ్గుతో నా తల నేలకు దిగిపోయింది. ఇన్నేళ్ళు కట్టె మీద బతికిన మనిషి గాటును చూసి పనిముట్టును గుర్తుపట్టలేడనుకున్నాం! క్షమించమని అడగబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. పలకను నిలబెట్టి మందం చూపించాడు. వేలు మందం కూడా లేదు.

"జర మెల్లగ గీకుండ్రి బిడ్డా," అన్నాడు. "గిట్ల గీకితే జల్ది అయిపోతది."

ఆ ఆదివారం రందా ఒక్కసారే తోశాడు. నూనె మాత్రం మధ్యాహ్నం దాకా రుద్దుతూ కూర్చున్నాడు.