ముత్తవ్వ పన్ను

నా పై దవడలో కుడివైపు కోరపన్ను రావాల్సిన చోట రాలేదు. అక్కడ పాలపన్ను ఊడకుండా మొండికేసి కూర్చుంటే, ఇది చిగురు పైనుంచి పొడుచుకొచ్చి పెదవిని ఎత్తి పట్టింది. వేరే ఇంట్లో అయితే ఆ పాలపన్నుకు దారం కట్టి లాగి, పేడముద్దలో పెట్టి మిద్దె మీదికి విసిరేసేవాళ్ళు. మా ఇంట్లో అలా జరగలేదు. పైనున్న పన్ను నాది కాదని మా తాత తేల్చేశాడు.

తాత అంటే మా నాయనకు నాయన. మేము తిరుపతిలో ఉండేవాళ్ళం, ఆయన చిత్తూరు దాటాక ఒక పల్లెలో మామిడితోట చూసుకునేవాడు. నేను పుట్టడానికి కొన్ని నెలల ముందు ఆయన తల్లి, అంటే మా ముత్తవ్వ, పోయింది. ఆమెకు కూడా సరిగ్గా అక్కడే పన్ను మీద పన్ను. మా ఇంటి గోడ మీద ఫోటోలో ఆమె నోరు మూసుకునే కూర్చుంది గానీ, ఆ పన్ను మాత్రం పెదవిని తోసుకుని బయటికి చూస్తుంటుంది. ఫోటో కిందే అద్దం. తల దువ్వుకుంటూ కళ్ళెత్తితే పైనా కిందా ఒకే నోరు కనిపించేది.

"మా యమ్మ తిరిగొచ్చిండాది. ఆ పన్ను జోలికి ఎవురూ పోబాకండి," అన్నాడు తాత.

పెద్దవాళ్ళు పోయిన ఇంట్లో ఏడాది తిరక్కుండా బిడ్డ పుడితే మా వైపు ఈ మాట అనడం మామూలే. ముద్దుకు అంటారు, తర్వాత మరిచిపోతారు. మా తాత నేను పుట్టినప్పుడే అన్నాడు, మరిచిపోయే రకం కాదు.

ఆయన ఇంటికి వస్తే సంచి కింద పెట్టి, కాళ్ళు కడుక్కుని, ముందు నా దగ్గరికే వచ్చేవాడు. చెంచాలో తులసాకు వేసిన నీళ్ళు నా నోట్లో పోసి గొంతు వైపే చూసేవాడు. "మింగినావా?" అనేవాడు. "మింగినా తాతా," అనేదాన్ని. తాతలందరూ ఇలాగే చేస్తారని చాలాకాలం అనుకున్నాను. అసలు సంగతి కాస్త పెద్దయ్యాక అమ్మ చెప్పింది. ప్రాణం పోయేటప్పుడు ముత్తవ్వ పళ్ళు గట్టిగా కరుచుకుపోయాయట. తాత పోసిన తులసినీళ్ళు లోపలికి దిగక చెంపల మీదుగా కారిపోయాయట. కొడుకు చేతి నీళ్ళ కోసమే ఆమె తిరిగి వచ్చిందని ఆయన నమ్మకం. అది తెలిశాక ఆ చెంచా చూస్తేనే నాకు ఒళ్ళు జలదరించేది.

నీళ్ళతో అయిపోయేదా అంటే అదీ కాదు. "కాయ ఇప్పుడే కోయించేదా, ఇంకా ఆగేదా అమ్మా?" అని నన్ను అడిగేవాడు. కాయకూ పిందెకూ తేడా తెలియని నేను నోటికొచ్చింది చెప్తే అదే చేసేవాడు. ఒకసారి ఉన్నట్టుండి, "చిన్నప్పుడు నన్ను బాయికాడ కొట్టినావే, ఎందుకు కొట్టినావమ్మా?" అన్నాడు. నేనింకా పావడా వేసుకునే పిల్లను. "తొంగి చూసినావు కదా," అన్నాను. ముసలాయన వెక్కి వెక్కి ఏడ్చాడు. బావి దగ్గర పిల్లల్ని ఎవరైనా అందుకే కొడతారు, అది నా ఊహ మాత్రమే అని ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటూ ఉంటాను. పూర్తిగా నమ్మకం కుదరదు.

ఈ పూజలన్నీ ముత్తవ్వకు, నొప్పులన్నీ నాకు. పన్ను సందుల్లో అన్నం ఇరుక్కుని చిగుళ్ళు వాచేవి. బ్రష్ పెడితే రక్తం. నోరు మూసుకుంటే కింది దవడ పక్కకు జరిగి మూసుకునేది, ఆవలిస్తే చెవి దగ్గర టక్కుమనేది. తలనొప్పి సరేసరి. డాక్టరుకు చూపిద్దామని అమ్మ పోరితే, తాత మాట దాటలేక నాయన పేపరు చాటుకు పోయేవాడు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. తిరిగొచ్చిన మనిషి నా నోరే ఎందుకు అద్దెకు తీసుకోవాలి?

డిగ్రీ చదివేటప్పుడు పెద్దల అమావాస్యకు పల్లెకు పోయాం. అక్కడి ఇంట్లో ఉన్న ముత్తవ్వ ఫోటో ముందు ఆకు వేసి, కొత్త చీర పెట్టి, దండం పెట్టుకున్నాక మొదటి విస్తరి ఎప్పటిలాగే నాకు వేశారు. వడ కొరికాను. కుడి చెవి కింద ఏదో కలుక్కుమంది. దవడ బిగుసుకుపోయింది. పళ్ళ మధ్య చిటికెన వేలు కూడా పట్టడం లేదు, మాట రావడం లేదు. తాత పరుగున చెంచాతో నీళ్ళు తెచ్చాడు. చెంచా పళ్ళకు తగిలి నీళ్ళు నా గడ్డం మీదుగా కారిపోయాయి. తడిసిన నా చెంపను చూస్తూ ఆయన అలాగే నిలబడిపోయాడు.

"మళ్ళా అదే," అన్నాడు. "ఈసారి నేనే చేసినాను."

వేడినీళ్ళ గుడ్డ కాపడం పెట్టగా పెట్టగా సాయంత్రానికి నోరు కాస్త తెరుచుకుంది. పొద్దున్నే తాతే నన్ను బస్సెక్కించి తిరుపతిలో పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆమె నెమ్మదిగా చూసి, తాతను కూర్చోబెట్టి చెప్పింది.

"క్లిప్పులు అందానికే అనుకుంటారు పెద్దాయనా. పై పళ్ళు కింది పళ్ళ మీద మూత మాదిరి కూచోవాల. ఈ పాపకు కుడిపక్క పైవి లోపలికి పడిండాయి. నోరు మూసినప్పుడంతా దవడ పక్కకు జరగాల్సి వస్తాంది. దవడ నొప్పులన్నీ పళ్ళ వల్లనే రావు గానీ, ఈమెకు ఇదొక కారణం. ఆ పాలపన్ను చిన్నప్పుడే తీసుంటే పైదానికి చోటు దొరికుండేదేమో."

తాత తల దించుకున్నాడు. ఆమె వెలుతురు పెట్టి ఎక్స్-రే చూపించింది. పక్కకు తిరిగిన నా పుర్రె. తాత లేచి దానికి చేతులు జోడించాడు. తనకే అనుకుని డాక్టరమ్మ నవ్వి, "పర్వాలేదు కూచో పెద్దాయనా," అంది.

"ఇది సరిచేస్తే మొగం ఇట్లే ఉంటాదా?" అన్నాడు తాత.

"కొంచెం మారుతుంది. మంచికే."

ఆయన చాలాసేపు నా ముఖం చూశాడు. "కానీండి," అన్నాడు.

ముందు దవడ కుదుటపడటానికి నోట్లో ఒక ప్లేటు పెట్టారు. తర్వాత పాలపన్ను తీసి, క్లిప్పులు అతికించి తీగ వేశారు. ఎముకలో నాటుకున్న పన్ను ఎలా జరుగుతుందని అడిగాను. తీగ మెల్లగా తోస్తూ ఉంటే పన్నుకు ముందున్న ఎముక కరుగుతుందట, వెనక కొత్త ఎముక పుడుతుందట. నా తలలోనే, నాకు తెలియకుండా. తీగ బిగించినప్పుడల్లా కొన్నాళ్ళు మెత్తటి సంగటే గతి. తాత వచ్చి నోరు తెరిపించి చూసేవాడు, నీళ్ళు పోసేవాడు. అడిగే ప్రశ్నలు మాత్రం తగ్గిపోయాయి. నా పన్ను కిందికి దిగేకొద్దీ ఫోటోలో పన్ను ఇంకా బయటికి వస్తున్నట్టు అనిపించేది. చివరికి అద్దాన్ని వేరే గదికి మార్చేశాను.

రెండేళ్ళు దాటాక క్లిప్పులు తీశారు. దవడ తిన్నగా మూసుకుంటోంది. తలనొప్పి తగ్గింది, చిగుళ్ళు గట్టిపడ్డాయి. జామకాయ ముందుపళ్ళతో కొరికి తినడం నాకు అప్పుడు తెలిసింది. డాక్టరమ్మ రాత్రుళ్ళు పెట్టుకోవడానికి రిటైనర్ ఇస్తూ, "పళ్ళకు పాత చోటు గుర్తుంటుంది. ఇది మానేస్తే వెనక్కి పోతాయి," అంది.

"యాడికి పోతాయి?" అన్నాడు తాత.

"ముందుండిన చోటికే."

తాత నా వైపు తిరిగాడు. "పెట్టుకోమ్మా. మానబాకు," అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో నాకు అప్పుడు అర్థం కాలేదు.

డాక్టరమ్మ మేజా మీద రెండు అచ్చులు పెట్టింది, వైద్యానికి ముందు నా పళ్ళు, తర్వాత నా పళ్ళు, తెల్లటి సున్నపురాయి రంగులో. తాత పాతదాన్ని రెండు చేతులతో ఎత్తుకుని, "ఇది నాకిస్తావా తల్లీ?" అని అడిగాడు. తువ్వాలులో చుట్టుకుని ఇంటికి కూడా రాకుండా బస్టాండుకు నడిచాడు.

మూడో నాడు పొద్దున గుండుతో వచ్చాడు. తిరుపతిలో గుండు చూసి ఎవరూ ఎందుకని అడగరు. కొండకు పోయొచ్చినాడు కాబోలు అని అమ్మ అనుకుంది. మీసం కూడా లేకపోవడం చూసి నాయన మాత్రం, "ఎవురికి కర్మ చేసినావు నాయనా?" అన్నాడు. ఆ అచ్చును తోటలో ముత్తవ్వ సమాధి పక్కనే పూడ్చి, పాలు పోసి వచ్చానని తాత చెప్పాడు. కాకికి పెట్టేది మాత్రం ఇక్కడేనన్నాడు.

"తిరిగొచ్చినాక కడవరకూ ఆమె ఉండింది ఈ ఇంట్లోనే కదప్పా," అన్నాడు నాయనతో.

అమ్మ వండిచ్చిన అన్నం, పప్పు ఆకులో పెట్టుకుని మిద్దె ఎక్కాడు. ఆగలేక నేనూ వెనకాలే వెళ్ళి మెట్ల గది గుమ్మంలో నిలబడ్డాను. పిట్టగోడ మీద ఆకు పెట్టి, కా కా అని పిలిచాడు. కేబుల్ తీగ మీద కాకులు వరసగా కూర్చుని ఉన్నాయి. ఒక్కటీ కదల్లేదు. అవి చూస్తున్నది ఆకును కాదు. ఎండెక్కింది. "ఏం కొదవ చేసినానమ్మా?" అని తాత వాటిని బతిమాలుకుంటున్నాడు.

కాసేపటికి ఆయన వెనక్కి తిరిగి నన్ను చూశాడు. కోపం లేదు.

"నువ్వు ఆడ నిలబడుకోనుంటే అది యాడొస్తాదమ్మా? కిందికి పో."

భయం వేసింది. అంతకంటే ఎక్కువగా ఏడుపు వచ్చింది. మెట్లు సగం దిగేసరికి పైన రెక్కలు టపటపలాడాయి, ఆకు చిరిగిన చప్పుడు వినిపించింది. "తినమ్మా, తిను," అంటున్నాడు తాత. ఆ గొంతుతో ఆయన నాతో మళ్ళీ ఎప్పుడూ మాట్లాడలేదు.