అరువు ఊపిరి ధ్యానం

టైలరుగారికి ధ్యానం పిచ్చి. లోకంలో అందరూ ధ్యాస తమ ముక్కు మీద పెడితే, ఈయన మాత్రం ఎదుటివాళ్ల ముక్కు మీద పెట్టేవాడు.

పాత పుస్తకాల బండి దగ్గర కొన్న బౌద్ధ ధ్యానం పుస్తకమే ఆయనకు గురువు. "శ్వాసను గమనించాలట," అన్నాడు మొదటిరోజు.

"ఎవరిదో?" అంది భార్య, చొక్కాకి కాజాలు కుడుతూ.

"ఎవరిదైతేనేం? అడుగుదామంటే దగ్గర్లో గురువు లేడుగా!"

అంతే, కొలతలకొచ్చినవాళ్ల పని అయిపోయింది. ఛాతీ చుట్టూ టేపు బిగించి, "పీల్చండి... ఆహా... అలాగే ఉండండి..." అంటూ కళ్లు మూసుకునేవాడు. ఒక బ్యాంకు ఉద్యోగి పాపం ఊపిరి బిగబట్టి కందగడ్డలా అయ్యాడు. అలా గాలి నింపి తీసిన కొలతకు చొక్కా ఏం కుదురుతుంది?

"ఇదేం కుట్టడమండీ! ఊపిరి వదిలితే జారిపోతోంది!"

"వదలకండి మరి," అన్నాడు టైలరుగారు మహా ప్రశాంతంగా.

భార్యకు తల కొట్టేసినట్టయింది. అసలే తమ దగ్గరుంటున్న తల్లి గురించి బెంగ. ఆవిడకు ఉబ్బసం. పడుకున్నప్పుడు పక్కన ఎవరో ఒకరుండాలన్నాడు డాక్టరు. "నేనేమన్నా పసిపిల్లనా? నాకు కాపలా పెట్టారో, మూట సర్దుకుని నా కొంపకి నేను పోతా," అని పెద్దావిడ శపథం పట్టింది. పోతే అక్కడ ఒక్కతే. ఆ మాట తలుచుకుంటేనే కూతురికి భయం.

అల్లుడికి ఇవేం పట్టినట్టు లేదు. మధ్యాహ్నం కాగానే చాప చంకన పెట్టుకుని అత్తగారి మంచం పక్కకు చేరేవాడు. "అత్తయ్యగారూ, మీ ఊపిరి పిల్లనగ్రోవిలా పలుకుతుంది. నా ధ్యానానికి ఇదే సరి."

"నీ మొహం! ఊపిరి కూడా అరువేనా?" అని ఆవిడ అటు తిరిగి పడుకునేది.

ఒకరోజు దిగ్గున లేచి, ఇన్‌హేలరు ఆవిడ చేతిలో పెట్టాడు. "తాళం తప్పుతున్నారు! నా ధ్యానం చెడగొట్టకండి!" ఆవిడ గొణుక్కుంటూనే పీల్చింది. గుమ్మంలోంచి చూసిన భార్య, ఎంత స్వార్థమమ్మా ఈయనకి అని పళ్లు నూరుకుంది.

చివరికి ఉండబట్టలేక, ఎక్కడో దూరానున్న ధ్యాన కేంద్రానికి ఫోన్ చేసింది. పెట్టేసి తిన్నగా తల్లి గదిలోకొచ్చింది.

"విన్నారా? ఎవరి శ్వాస వాళ్లే గమనించుకోవాలట! ఇక లేవండి."

"అరవకే బాబూ," అన్నాడాయన గొంతు తగ్గించి. "అది మొదటి పేజీలోనే ఉంది."

"మరి?"

"కాపలా అంటే పోతానందిగా మీ అమ్మ! ధ్యానమంటే ఊరుకుంది. ఒక్కావిడ ఊపిరే చూస్తే అనుమానం రాదూ? అందుకే ఊరందరిదీ పట్టుకున్నాను."

భార్యకు బ్యాంకాయన చొక్కా గుర్తొచ్చి నవ్వొచ్చింది. చాప మీద ఆయన పక్కనే చతికిలబడింది.

మంచం మీది పెద్దావిడ కళ్లు తెరవకుండానే కసిరింది.

"ఆ గుసగుసలు చాలించి ధ్యానం చేసుకో అల్లుడూ. ఇందాకట్నుంచి పీలుస్తూనే ఉన్నా, గమనించే దిక్కు లేదు!"