నేను పడితే పదిమందే

ఆ ఉదయం వరండాలో కుర్చీ కాలు పట్టుకుని ఒక నత్త పైకి పాకుతోంది. అంతకుముందంతా వాన. చేతిలో పుస్తకం ఉన్నా చదవకుండా నేను ఆ నత్తనే చూస్తున్నాను. అది సగం దూరం ఎక్కేసరికి తాడేపల్లిగూడెం గుడిలో గంట కొట్టే ఆయన, మొదటి రైలు దిగి, తడిసిన గొడుగు మూయకుండానే మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"జ్వరం తగ్గిందనే అనుకున్నామమ్మా. తెల్లారి చూసేసరికి మీ మామయ్యగారు లేరు" అన్నాడు.

కూర్చోమన్నాను. కూర్చోలేదు. కాసిని మంచినీళ్ళు తాగి, ఇంకా చెప్పవలసిన ఇళ్ళున్నాయని వెళ్ళిపోయాడు. అవి ఎవరి ఇళ్ళో నాకు తెలుసు. ఏలూరులో ఆయనను మరిచిపోనివాళ్ళు ఇంకా కొందరున్నారు. వాళ్ళు మా మామయ్యను పేరుతో పిలవరు. "సెంటర్ హాఫ్ గారు" అంటారు.

ఫుట్‌బాలు ఎరగనివారి కోసం ఒక మాట చెప్పాలి. సెంటర్ హాఫ్ అంటే మైదానం నడుమ నిలబడేవాడు. వెనకనుంచి వచ్చిన బంతిని అందుకుని ముందున్నవాళ్ళకు అందించేవాడు. గోలు కొట్టిన పేరు వేరేవాళ్ళకు వస్తుంది. "నాది ఇచ్చే పని. బంతి నా దగ్గర ఎంతసేపుంటే అంత తప్పు" అనేవారు మామయ్య. ఇంట్లోనూ అంతే. అమ్మమ్మ ఆయన చేతికి బొబ్బట్టు ఇస్తే అది ఆయన నోటిదాకా పోయేది కాదు. ఎదురుగా ఎవరుంటే వారి చేతిలో ఉండేది. నేను నడుస్తూ చదివే అలవాటున్నదాన్ని. బజారులో నా భుజం మీద ఒక వేలు ఆనించి, జనంలో ఖాళీ ఎటుంటే అటు తిప్పుతూ నడిపించేవారు. నేను పేజీలోనుంచి తల ఎత్తకుండానే ఇల్లు చేరేదాన్ని.

మా నాన్నగారు కొల్లేటి లంకలో బడిపంతులు. అక్కడ ఆడపిల్లకు పై చదువు లేదు. అందుకని నన్ను పడవలో తెచ్చి ఏలూరులో అమ్మమ్మ దగ్గర దింపారు. అమ్మమ్మ ఉండేది మామయ్యకు జనపనార మిల్లువాళ్ళిచ్చిన క్వార్టర్సులో. అక్కడినుంచే నేను కాన్వెంటుకు నడిచి వెళ్ళేదాన్ని.

ఆ రోజుల్లో మిల్లు దొరకు ఫుట్‌బాలు పిచ్చి. బాగా ఆడేవాళ్ళను ఎక్కడెక్కడినుంచో తెప్పించి, ఫిట్టింగు షెడ్డులో పనివాళ్ళుగా రాయించేవాడు. మామయ్య ఆ షెడ్డులో సుత్తి పట్టుకోగా చూసినవాళ్ళు లేరు. ఏడాదికొక అగ్రిమెంటు. ఈస్టరు పండుగ వెళ్ళాక మళ్ళీ సంతకం. సంతకానికి పిలుపు వచ్చినవాడు ఉంటాడు, రానివాడు ఇల్లు ఖాళీ చేస్తాడు. పొమ్మని ఎవరూ అనరు. అంత మర్యాద.

ఒక ఏడు వానల్లో, బురద గ్రౌండులో, ఎవరిదో బూటు తగిలి మామయ్య కుడి మోకాలు పక్కకు తిరిగింది. నలుగురు మోసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టారు. మిల్లు డాక్టరు కదలకుండా ఉండమన్నాడు. కదలకుండా ఉన్నందువల్ల వాపు తగ్గింది గాని బలం రాలేదు. అమ్మమ్మ లంకనుంచి కట్లు కట్టే ముసలాయనను పిలిపించింది. ఆయన మినప్పిండీ కోడిగుడ్డు సొనా కలిపి, వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టాడు. విప్పేటప్పుడు వేలితో నొక్కి చూసి, "వంగుతుంది బాబూ. లేవడానికి మాత్రం దాన్ని నమ్మకండి" అన్నాడు.

ఆ మాట మా ముగ్గురి మధ్యనే ఉండిపోయింది.

క్రిస్మసు వెళ్ళినప్పటినుంచి మిల్లు హెడ్ గుమాస్తాగారు మా గుమ్మానికి రావడం మొదలుపెట్టారు. మంచివారు. మెత్తగా మాట్లాడేవారు. ఆ మెత్తదనానికే నేను చదువుతున్న పుస్తకం మూసేసేదాన్ని.

"ఏవండీ అమ్మగారూ, అబ్బాయిగారి కాలెలా ఉందండీ?"

"దేవుడి దయవల్ల బానే ఉందండి. మజ్జిగ పుచ్చుకుంటారా అండీ?"

"అబ్బే, ఇప్పుడొద్దండి. ఓసారి అలా గుమ్మందాకా నడిచొస్తారేమో చూద్దామనండి."

మామయ్య లోపలినుంచే నవ్వేవారు. "గుమ్మందాకా ఏం ఖర్మండీ, ద్వారకా తిరుమల మెట్లెక్కుదాం పదండి. మీరు ముందు నడవండి, మీకు ఆయాసం వస్తే నేను ఎత్తుకుంటాను."

గుమాస్తాగారిది భారీ శరీరం. ఆయనా నవ్వేవారు. నవ్వుతూనే కిటికీలోంచి మంచం వైపు ఒక చూపు వేసి వెళ్ళేవారు. ఈలోగా కాకినాడ నుంచి ఒక కొత్త ఆటగాణ్ణి తెచ్చి మా పక్క వాటాలో దింపారు. అతనూ నడుమ నిలబడి ఆడేవాడేనట. అతను నూతి దగ్గర మొహం కడుక్కుంటుంటే అమ్మమ్మ తలుపు వేసుకునేది. మామయ్య మాత్రం తీసేవారు. "అతనేం చేశాడమ్మా, అతనికీ అగ్రిమెంటే కదా" అనేవారు.

మంచి శుక్రవారం వచ్చింది, యేసునాథుణ్ణి సిలువ వేసిన రోజు. మా గుడిలో ఆరోజు సిలువను పీఠం ముందు మెత్త మీద పడుకోబెడతారు. మగవాళ్ళు ముందు, ఆడవాళ్ళు తరవాత, వరసగా వెళ్ళి ముద్దుపెట్టుకుంటారు. నేరుగా పోకూడదు. దారిలో రెండుచోట్ల మోకరించి లేవాలి, మూడోసారి సిలువ దగ్గర మోకరించి, వంగి ముద్దుపెట్టుకుని లేవాలి. ముసలివాళ్ళకు, జబ్బువాళ్ళకు పూజ చేసే స్వాములవారు సిలువను వాళ్ళ దగ్గరికే తెచ్చేవారు. మామయ్యకూ అలాగే తెస్తామని కబురు పెట్టారు.

మేము గుడి మెట్ల దగ్గరికి చేరేసరికి, వెనక తలుపు పక్కన, చెప్పులు చేత్తో పట్టుకుని గుమాస్తాగారు నిలబడి ఉన్నారు.

"మీ పండగ ఎప్పుడూ చూళ్ళేదండి. ఓసారి చూద్దామని" అన్నారు.

"ఇవాళ పండగ కాదండీ, దుఃఖం" అన్నారు మామయ్య. "అయినా చూడండి."

ఆయన ఏం చూడడానికి వచ్చారో అందరికీ తెలుసు. సిలువ మామయ్య దగ్గరికి వస్తే అగ్రిమెంటు పోయినట్టే. నేను ఆడపిల్లల వరసలో చాప మీద కూర్చుని, జపమాల పూసలు పట్టుకున్నానే గాని జపం చెప్పలేదు. మామయ్య లేచి మగవాళ్ళ వరసలోకి వెళ్ళారు. స్వాములవారు ఒక్క క్షణం ఆయన వంక చూసి, చేతిలోకి తీసుకోబోయిన సిలువను వదిలేశారు.

మొదటి మోకరింపు. లేచారు. రెండోది. ఒక చేయి నేలకు ఆన్చి లేచారు. మెడ వెనక చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. మూడోసారి సిలువ దగ్గర మోకరించి, వంగి, దాని మీది యేసునాథుని పాదాలు ముద్దుపెట్టుకున్నారు.

లేవలేదు.

వీపు కదిలింది. భుజాలు కదిలాయి. మనిషి పైకి రాలేదు. అమ్మమ్మ నా మణికట్టు పట్టుకుంది. వెనక తలుపు వైపు చూడడానికి నాకు ధైర్యం చాలలేదు.

మామయ్య వెనక ఉన్నది మా ఉపదేశిగారు, పిల్లలకు జపాలు నేర్పే పెద్దాయన. మోకరించవలసిన చోటు ఇంకా రాకముందే ఆయన ఉన్నచోటే మోకరించారు. ఆయనను చూసి ఆయన వెనకవారు. తరవాత వరసంతా. ఆపైన ఆడవాళ్ళం. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఉపదేశిగారు గొంతెత్తి పరలోక జపం మొదలుపెట్టారు. ఆ చోట ఆ జపం ఏ ఏడూ లేదు. మా స్వాములవారు పరదేశం నుంచి వచ్చినవారు. క్రమం తప్పితే ఊరుకునేవారు కాదు. ఆరోజు ఆయన కూడా మోకరించారు. జపం చివరికి వచ్చేసరికి ఉపదేశిగారు మోకాళ్ళ మీదే ముందుకు జరిగి, మామయ్య చంక కింద తన భుజం పెట్టి, ఇద్దరూ ఒక్కసారే లేచారు. గుడంతా లేచింది.

బయట గుమాస్తాగారు కళ్ళు తుడుచుకుంటున్నారు. నటన కాదు.

"ఎంత భక్తండీ మీవాళ్ళది! అంతసేపు మోకాళ్ళ మీదే! నావల్లయితే అయ్యేది కాదండి. దొరగారితో నేను చెబుతాను, ఈ మోకాలు ఇనప మోకాలని. సోమవారం పొద్దున సంతకానికి రండి. సాయంత్రం బెజవాడవాళ్ళతో ఆట ఉంది కదండీ, మీరే నడుమ నిలబడాలి."

అమ్మమ్మ ఇంటికి వచ్చి యేసునాథుని పటం ముందు కూర్చుని ఏడ్చింది. సంతోషంతో. మరునాడు నేను పెరట్లోకి వెళితే, మామయ్య నూతి గిలక స్తంభం పట్టుకుని, కుడికాలి మీద ఒక్కదాని మీద నిలబడాలని చూస్తున్నారు. స్తంభం వదిలేవారు, పట్టుకునేవారు. నన్ను చూసి, "ఏం చదువుతున్నావమ్మడూ ఇవాళ?" అని అడిగారు. ఏదో చెప్పాను. నేను చెప్పింది ఆయన వినలేదు.

ఆదివారం ఈస్టరు పూజ అయ్యాక, అన్నాలు తింటుండగా మామయ్య అన్నారు: "రేపు సంతకం పెట్టనమ్మా."

అమ్మమ్మ గరిటె గిన్నెలో పడేసింది. "ఏరా, మతి పోయిందా? పొద్దున సంతకం. సాయంత్రం కదా ఆట. పడితే పడు. పడ్డాక ఎవడూ కాగితం వెనక్కి తీసుకోడు. ఏడాది గడుస్తుంది."

"గడుస్తుంది."

"ఈ పిల్ల చదువో? లంకకు పంపేస్తావా?"

ఆయన నా వైపు చూశారు. నేను కంచంలోకి చూశాను.

"గుడిలో పడితే లేపడానికి ఊరంతా ఉందమ్మా" అన్నారు మామయ్య. "గ్రౌండులో అలా కాదు. ఒకడు పడితే వాడి బదులు ఇంకొకణ్ణి దింపనివ్వరు. నేను పడితే పదిమందే. ఆ పదిమందికీ అగ్రిమెంట్లున్నాయి."

అమ్మమ్మ ఆ పూట ఇంకేమీ తినలేదు. "ఊరంతా నీకోసం మోకాళ్ళ మీద నిలబడింది. ఎందుకనుకున్నావురా?" అని మాత్రం అంది. ఆయన కంచం తీసుకుని నూతి దగ్గరికి వెళ్ళారు.

సోమవారం మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసుకు వెళ్ళారు. మనసు మార్చుకుంటారేమోనన్న ఆశతో అమ్మమ్మ, మార్చుకోరేమోనన్న బెంగతో నేను, గుమ్మంలో కూర్చున్నాం. నిజానికి నేనేం కోరుకున్నానో నాకు సరిగా తెలియదు. మిల్లు కూత వినపడింది. రోడ్డు మీద ఆయన కనబడేసరికి పక్కన గుమాస్తాగారు కూడా ఉన్నారు. ఆయన మొహం ఎర్రగా ఉంది.

"నన్ను దొరగారి ముందు అబద్ధాలకోరును చేశారండీ!" అంటున్నారు. "లేవదని మీరే చెప్పేస్తే, ఇనప మోకాలన్న నేనేమైపోవాలండీ? నేనేం పాపం చేశానండీ?"

"మీరు చూసిందే చెప్పారండీ" అన్నారు మామయ్య. "తప్పు మీది కాదు. మోకాలిది."

"మీవాళ్ళందరూ కలిసి..." అని గుమాస్తాగారు ఆగిపోయారు. చెప్పులు విడిచి మా వరండా మెట్టు మీద కూర్చుని, "ఓ గ్లాసు మజ్జిగ ఇప్పించండమ్మా" అన్నారు. అన్నాళ్ళలోనూ ఆయన మా ఇంట్లో మజ్జిగ తాగింది ఆ ఒక్కసారే.

నెలాఖరుదాకా ఇంట్లో ఉండమని దొర అన్నాడట. నిజం చెప్పినందుకు మెచ్చుకున్నాడట కూడా. మెచ్చుకున్నా, సంతకం పెట్టించుకోలేదు. మామయ్య, అమ్మమ్మ తాడేపల్లిగూడెం వెళ్ళిపోయారు. అక్కడ ఒక బియ్యం మిల్లులో కాటా దగ్గర పని దొరికింది. నన్ను సిస్టర్లు బోర్డింగులో చేర్చుకున్నారు. సెలవులకు వెళితే మామయ్య కర్ర పట్టుకుని స్టేషనుకు వచ్చేవారు. గూడెం బడి పిల్లలకు సాయంత్రాలు ఆట నేర్పేవారు. "బంతిని చూసేవాడికి మనుషులు కనబడరు. ముందు మనుషుల్ని చూడండ్రా" అని ఆయన కేకలేస్తుంటే నేను అరుగు మీద కూర్చుని వినేదాన్ని. సంతకం పెట్టివుంటే బాగుండేదని ఆయన ఎన్నడూ అనలేదు. అమ్మమ్మ పోయేదాకా అంటూనే ఉంది. ఇద్దరి మాటా నాకు నిజమనే తోస్తుంది.

ఆ సోమవారం సాయంత్రం గురించి చెప్పి ముగిస్తాను. క్వార్టర్సులో మగవాళ్ళంతా ఆటకు పోయారు. మామయ్య వరండాలో ముక్కాలిపీట మీద కాలు చాపుకుని కూర్చున్నారు. గ్రౌండు మా ఇళ్ళ వెనకనే, గోడకు అవతల. కేకలు వినపడుతున్నాయి గాని ఏమీ కనపడదు. ఆయన కళ్ళు మూసుకుని, నాకోసమో తనకోసమో, మెల్లగా చెబుతున్నారు.

"ఇప్పుడు మనవాళ్ళు ఎడమ పక్క నుంచి పోతున్నారు. విను, కేక అటు జరుగుతోంది. ఆగింది. ఎవరో తన్నారు, బంతి పైనుంది. బంతి గాలిలో ఉన్నంతసేపు ఎవరూ అరవరమ్మడూ. ఇదిగో, దిగింది. ఆ కాకినాడ అతనే అందుకునుంటాడు."

గోడ అవతల అంతా ఒక్కసారి అరిచారు. ఆయన కళ్ళు తెరిచి, చప్పట్లు కొట్టబోయి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

మా మామయ్య ఆడగా నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఆడపిల్లలను ఆ గ్రౌండుకు పోనిచ్చేవారు కాదు.